టేపు మోజు సరే, బీరువాలో ఉన్న క్యాసెట్ల సంగతేంటి?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత టేపు రికార్డింగుల మీద వ్యాసం చదివానండి. బాగుంది, కాకపోతే "డిజిటల్‌లో ప్రాణం లేదు, టేపులోనే ఉంది" అన్న మాట మాత్రం గొంతు దిగలేదు. ఈ మధ్య ఎక్కడ చూసినా ఇదే మాట, కుర్రాళ్ళు కూడా వేలకు వేలు పోసి టేపులు వేసే పాత డెక్కులు కొంటున్నారు, కొనుక్కోనివ్వండి తప్పేముంది, నేనూ క్యాసెట్ల కాలం వాణ్ణే. పద్యనాటకాలకి హార్మోనియం వాయిస్తూ, వీలు దొరికినప్పుడల్లా మావాళ్ళని రికార్డు చేస్తూ వచ్చినవాణ్ణి కాబట్టి నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

ముందు ఆ ప్రాణం సంగతి చూద్దాం. డిజిటల్ అంటే శబ్దాన్ని ముక్కలుగా కోసి మధ్యలోది పారేస్తారని చాలామంది నమ్మకం. అట్లా కాదండీ. సీడీకి సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి అంకెలు రాసుకుంటారు, అందులో సగం, అంటే 22,050 హెర్ట్జ్ లోపు ఉన్నదంతా మళ్ళీ వినిపించేటప్పుడు మెట్లుమెట్లుగా కాదు, నున్నగానే తిరిగొస్తుంది. మనిషి చెవికి వినపడేదే మహా అయితే 20,000, నా వయసు వచ్చాక అందులో సగం వినపడినా సంతోషమే. ఒక్కో కొలతకీ 16 బిట్లు, అంటే 16 సున్నా-ఒకటి అంకెలు, వాడే సీడీలో అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ దాకా చోటుంటుంది, మనింట్లో మామూలు క్యాసెట్టుకి హిస్సు తగ్గించే డాల్బీ లేకపోతే యాభై చిల్లర, ఆ కిందున్నదంతా స్స్ అనే హిస్సులో కొట్టుకుపోతుంది. ఇంకోటి, టేపు టేపు అని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. స్టూడియో రీలు సెకనుకి 38 సెంటీమీటర్లు పరిగెడుతుంది, క్యాసెట్టు ఐదు కూడా పరిగెత్తదు. ఆ రెండిటికీ పోలికే లేదు.

మరి టేపు ఎందుకు కమ్మగా ఉంటుందీ అంటే, నటుడు రాగం పైకి ఎత్తినప్పుడు టేపు మీది అయస్కాంతపు పూత అంత శబ్దాన్ని పట్టలేక దాన్ని మెల్లగా నొక్కుతుంది, నొక్కుతూ తన సొంత స్వరాలు కాస్త కలుపుతుంది, అది చెవికి హాయిగా ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు పట్టకపోవడమే కదండీ అది, కాకపోతే కాస్త మర్యాదగా చేస్తుంది. డిజిటల్‌కి ఆ మర్యాద తెలీదు, మీటరు మీద లెవెల్ సున్నా దాటిందంటే టప్పున పగుల్తుంది. కొత్తవాళ్ళు లెవెల్ నిండా పెట్టి రికార్డు చేసి, తర్వాత డిజిటల్‌ని తిడతారు. 24 బిట్‌లో పెట్టుకుని, గట్టిగా పాడినా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే ఆ గొడవే ఉండదు.

కాబట్టి నాణ్యత విషయంలో నేను డిజిటల్ పక్షమే. కానీ రికార్డింగులో ఉండే మజా వేరు, దాని గురించి మీ వ్యాసంలో పెద్దగా లేదు. ఒకే మైకుతో చెయ్యడం ఎట్లా ఉంటుందో చెప్తాను. ఫ్యాను ఆపేస్తాం, తలుపులు వేసేస్తాం, పక్కింటి కుక్కరు మూడు కూతలు అయిందాకా ఆగుతాం. హార్మోనియం మెట్లవైపు మైకు పెడితే టకటకా మెట్ల చప్పుడే వస్తుంది, అందుకని కాస్త పక్కకి తిప్పి కూర్చుంటా. తబలా అతన్ని గోడవైపు జరుపుతాం, తాళాలు ఇంకా వెనక్కి. పద్యం పాడేవాడు నిలబడి మైకుకి జానెడు దూరంలో మొదలెడతాడు, రాగం పైకి పోతోందనగా ఒక అడుగు వెనక్కి వేస్తాడు, కింద స్వరాలకి మళ్ళీ ముందుకొస్తాడు. మిక్సింగ్ అంటే ఆ అడుగే. రికార్డూ ప్లే రెండూ కలిపి నొక్కాక ఇంక ఎవడూ దగ్గడు. అయిపోయాక వెనక్కి తిప్పి అందరం ఆ చిన్న స్పీకరు చుట్టూ తలలు పెట్టి వింటాం చూడండి, స్టేజి మీద భీముడి వేషం కట్టే మనిషి కూడా తన గొంతు మొదటిసారి వింటున్నప్పుడు "ఇది నా గొంతేనా" అని చిన్నపిల్లాడి మొహం పెడతాడు. ఆ ఆనందం టేపుదీ కాదు డిజిటల్‌దీ కాదు, ఇప్పుడు సెల్లుఫోన్‌లో చేసినా అట్లాగే ఉంటుంది, నేను చేస్తున్నా కూడా.

1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గ్రామఫోను రికార్డుకి పాడినప్పుడు అసలు మైకే లేదు, కరెంటు మైకులతో రికార్డింగు మొదలైంది 1925లో. అప్పటిదాకా పెద్ద కొమ్ములో మొహం పెట్టి పాడాల్సిందే, మూడు నిమిషాల్లో రాగమంతా చుట్టేసి చివర్లో తన పేరు కూడా తనే చెప్పుకునేదావిడ. మద్రాసు స్టూడియోల్లో పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ అందరూ కలిసి ఒకేసారి చేసిన రోజుల్లో, వెనక వరసలో ఒక్క వయొలిన్ జారినా పాట మళ్ళీ పల్లవి నుంచే. ఆ భయంతోనే రిహార్సల్స్ అంత గట్టిగా ఉండేవి. ఆ తర్వాత ఒక్కో గొంతునీ వాయిద్యాన్నీ విడివిడిగా ఎక్కించుకునే ట్రాకులొచ్చాయి, 1979లో టియాక్ కంపెనీ క్యాసెట్టు మీదే నాలుగు ట్రాకులు చేసుకునే పెట్టె తెచ్చాక ఒక్కడే ఇంట్లో కూర్చుని నలుగురి పని చేసుకునే వీలొచ్చింది. అదీ ఒక మజానే. ఇప్పుడైతే పాడేది హైదరాబాదులో, ఫ్లూటు చెన్నైలో, మిక్సింగ్ ఇంకెక్కడో, వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు.

నాకు బాధగా ఉండేదల్లా చేసినదాన్ని చెరిపేసి మళ్ళీ చేసుకోనిచ్చే అన్‌డూ అనే బటన్ తోనే. ఈమధ్య ఒక చిన్న స్టూడియోలో మా కుర్రాడొకడు పద్యం పాడితే, పాదం పాదం విడగొట్టి పాడించి, అతికించి, దాని మీద ఆటోట్యూన్ వేశారు. అది స్వరాన్ని దగ్గర్లో ఉన్న మెట్టు మీదకి లాగేస్తుంది, మన గమకం ఉండేదేమో రెండు మెట్ల మధ్యలో! పద్యం ఇస్త్రీ చేసినట్టు వచ్చింది. పాపం కంప్యూటర్ ఏం చేస్తుంది, వేసినవాణ్ణి అనాలి. అదే కంప్యూటర్‌లో మొదటినుంచి చివరిదాకా ఒకే టేకు పాడించొచ్చు, ఎవరొద్దన్నారు?

ఇక అసలు విషయం. టేపు మీద అంత ప్రేముంటే, కొత్తగా డెక్కులు కొనేముందు బీరువాల్లో ఉన్న క్యాసెట్లు బయటికి తీయండి. మన కోస్తా ఉక్కకి వాటిమీద తెల్లటి బూజు పడుతుంది, బూజున్న క్యాసెట్టు అట్లాగే వేస్తే ప్లేయర్‌లో టేపుని చదివే హెడ్డుకంటుకుని తర్వాత వేసినవాటిని కూడా పాడుచేస్తుంది, లోపల హెడ్డుకి నొక్కిపెట్టే చిన్న మెత్త ఊడిపోతుంది, ప్లేయర్‌లో బెల్టు తారులా కరిగిపోయుంటుంది. హెడ్డుని దూదీ స్పిరిట్టుతో తుడిచి, పక్కనున్న బుల్లి స్క్రూని వింటూ వింటూ కొద్దికొద్దిగా తిప్పితే, దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టున్న గొంతు ఒక్కసారిగా బయటికొస్తుంది, చేసి చూడండి. నా పాత క్యాసెట్లు చాలావాటిలో శృతి కాస్త పైకి పోయి ఉంది, బ్యాటరీలు నీరసించి మోటారు నెమ్మదిగా తిరిగినప్పుడు చేసినవి మరి. ఆ రోజు వాయించిన హార్మోనియం ఇంకా నా దగ్గరే ఉంది కనుక, నాలుగు శృతి మెట్టు నొక్కిపట్టి, కంప్యూటర్‌లో స్పీడు తగ్గించుకుంటూ రెండూ కలిసేదాకా సరిచేశా. ఇట్లాంటి పని టేపు ఒక్కదానితో ఇంత సులువుగా అయ్యేదా చెప్పండి?

అందరికీ ఈ సరంజామా ఉండదు కదా. ప్రతి జిల్లా గ్రంథాలయంలో ఒక మంచి డెక్కు, కంప్యూటర్‌కి తగిలించే చిన్న ఆడియో పెట్టె, పని తెలిసిన ఒక కుర్రాణ్ణి పెడితే చాలు, ఊళ్ళలో ఉన్న బుర్రకథలు, హరికథలు, పద్యనాటకాలు, గల్ఫ్‌కి పోయినవాళ్ళు క్యాసెట్లో మాట్లాడి ఇంటికి పంపిన కబుర్లు ఇవన్నీ ఎక్కించుకోవచ్చు. మీ జిల్లా పేజీల్లో ఈ సంగతి నాలుగు లైన్లు వేస్తే అధికారుల కంట పడుతుందని ఆశ. తెచ్చేవాళ్ళకి మాత్రం అట్ట మీద ఎవరు పాడారో ఏ ఊళ్ళోనో రాయమనండి, క్యాసెట్టు వీపున ఉండే రెండు ప్లాస్టిక్ రెక్కలు కూడా విరగ్గొట్టమనండి, అప్పుడు పొరపాటున దానిమీద ఇంకోటి రికార్డవదు. మా ఇంట్లో ఆ రెక్కలు విరవని క్యాసెట్టొకటుంది, అందులో కృష్ణుడు రాయబారానికి బయల్దేరతాడు, సభలోకి అడుగుపెట్టేలోపు క్రికెట్ కామెంటరీ వచ్చేస్తుంది.

ఇట్లు,
ఒక హార్మోనియం వాయిద్యకారుడు,
తెనాలి దగ్గర పల్లెటూరు.