జూన్ వార్తాలేఖ: గ్రౌండ్ మూలన కట్టిన తాడు గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

బడి తెరిచి వారం కాలేదు, వాట్సాప్ గ్రూపుల్లో మన గ్రౌండ్ గురించి అప్పుడే కథలు మొదలయ్యాయి. "పిట్ట పిల్లాడి కన్ను పొడిచింది" అన్న మెసేజ్ చివరికి నాకూ ఫార్వర్డ్ అయింది. ఎవరి కన్నుకూ ఏమీ కాలేదు. బస్సులు ఆగే వైపు, ఖోఖో కోర్టు అవతల గులకరాళ్ల నేల మీద తీతువుల జంట గుడ్లు పెట్టింది. బంతి కోసం అటు పరుగెత్తిన రెండో తరగతి బాబు తల మీదుగా ఒక తీతువు దూసుకెళ్లింది. బాబు కంగారుపడి పడ్డాడు, మోకాలు గీరుకుపోతే మందు రాశాం. మధ్యాహ్నానికల్లా పిట్ట ఎలా అరిచిందో క్లాసంతటికీ చేసి చూపించాడు కూడా. ఆ మూల చుట్టూ తాడు కట్టించాం. పిట్టపిల్లలు బయటపడి వెళ్లిపోయేదాకా అది అలాగే ఉంటుంది.

గుడ్లు తీసి ఇంకోచోట పెట్టించమని కొందరు అడిగారు. కుదరదండీ. చోటు మారిస్తే ఆ జంట వాటిని మళ్లీ పొదుగుతుందన్న భరోసా లేదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లు పాడుచేసినా, గూడు కదిలించినా వేట కిందికే వస్తుంది. తీతువు అరిస్తే కీడని చెప్పడానికి ఒక తాతగారు ఎండలో ఆఫీసుదాకా వచ్చారు. పెద్దవారితో వాదించలేదు, టీ ఇచ్చి పంపాం. మీతో మాత్రం చెప్తాను: అది అరిచేది కుక్క వచ్చిందనో, మనిషి వచ్చాడనో. రాత్రి కూడా మేలుకునే ఉంటుంది కాబట్టి రాత్రీ వినిపిస్తుంది.

అసలు బడిలోకి ఎందుకొచ్చిందని అడిగినవాళ్లకు నా జవాబు ఇది. ఏప్రిల్ చివర్లో మనం గేటుకు తాళం వేసి వెళ్తాం, జూన్ 12న తెరుస్తాం. తీతువులు గుడ్లు పెట్టేది ముఖ్యంగా మార్చి నుంచి ఆగస్టు లోపు. మనిషి అడుగు పడని రాళ్ల నేల వాటికి ఇంకెక్కడ దొరుకుతుంది? ఊరి చుట్టూ అలాంటి నేల కనిపిస్తే చాలు, హద్దురాళ్లు పాతి వెంచర్ బోర్డు పెడుతున్నాం. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, సంతోషం. కానీ నేల మీద గూడు పెట్టే పిట్టకు చెరువు ఒక్కటే చాలదు, పక్కన ఖాళీ నేల కూడా కావాలి. మిట్టమధ్యాహ్నం స్టాఫ్ రూమ్ కిటికీలోంచి చూడండి. ఆ పిట్ట కుళాయి కింది మడుగులో పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, గుడ్ల మీద అటూ ఇటూ సర్దుకుని కూర్చుంటుంది. మట్టిరంగు మీద నల్లమచ్చల గుడ్లు నాలుగు, మొనలన్నీ లోపలికి. రెండడుగుల దూరంలో నిలబడ్డా అవి రాళ్లే అనుకుంటాం. పొదగడానికి 28 నుంచి 30 రోజులు పడుతుంది. పిట్టపిల్లలు పుట్టిన కాసేపటికే నడుస్తాయి గానీ, అలికిడైతే పారిపోకుండా నేలకు కరుచుకుపోతాయి. తాడు అందుకే.

ఈ గూడును కనిపెట్టింది మన ఎనిమిదో తరగతి అమ్మాయి. మనిషిని చూడగానే పిట్ట పక్కకు నడిచి, ఏమీ లేనిచోట ఉత్తుత్తిగా పొదుగుతున్నట్టు కూర్చుంటోందని పసిగట్టింది. పీఈటీ సారు కూడా మోసపోయారు! ఆరో తరగతి బాబు ఒకడు వేపచెట్టు మీద కాకి, కోకిలను తరమడం చూసి "తన గూట్లో గుడ్డు పెడుతుందని దాని అనుమానం" అని రాశాడు. నోటుబుక్కులో అక్షరదోషాలు బోలెడు, దిద్దబుద్ధి కాలేదు. తొమ్మిదో తరగతి మిత్రులిద్దరు గండిపేట దగ్గర చాతకాన్ని చూసి కుచ్చుతలతో సహా బొమ్మ గీశారు. బడి వెనక ఈతచెట్టుకు గిజిగాళ్లు అల్లకం మొదలుపెట్టాయి. మగది సగం అల్లి ఆగుతుంది, ఆడది వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతా సగం. ఈ ముచ్చట చెప్పడానికే ఒక పాప రోజూ నా గదికి వస్తోంది, రానివ్వండి.

మీ అభిమానానికి కృతజ్ఞతలు చెబుతూనే ఒక మనవి. సెల్ఫీ కోసం పాపను ఎత్తి తాడు దాటించినవారు ఎవరో నాకు తెలుసు, పేరు రాయను. బాల్కనీలో పావురాలకు శేర్లకు శేర్లు జొన్నలు పోయడం పుణ్యమని పిల్లలు చెబుతున్నారు. వాటి రెట్టల దుమ్ముతో ఊపిరితిత్తుల జబ్బులొస్తాయి, ఆ గుంపుల ముందు పిచ్చుకలు నిలవవు. దాని బదులు ఒక మూకుడులో నీళ్లు పెట్టి, రోజూ మార్చండి. అది పిల్లల పని, పనిమనిషిది కాదు.

పాఠ్యపుస్తకాలు, ఐడీ కార్డులు ఈ వారమే ఇస్తాం, ఫీజు గడువు డైరీలో ఉంది, టిఫిన్ తినకుండా పంపకండి.

తాడు తీసేదాకా బస్సుల గేటు మూసి ఉంటుంది, కార్లు, బైకులు వెనక గేటుకే రావాలి. అక్కడ హారన్ కొట్టొద్దు, మీ పిల్లలు ఎలాగూ బెల్లు కొట్టాకే బయటికొస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు