పటం నింపడం వేరు, పటం గీయడం వేరు

సంపాదకులకు నమస్కారం.

భూగోళశాస్త్ర పరీక్షలో పటానికి కేటాయించే మార్కులు ఎక్కువగా ఒకే పనికి దక్కుతున్నాయి: ముందే అచ్చువేసి ఇచ్చిన సరిహద్దు గీతల లోపల నదులను, పర్వతాలను, నగరాలను గుర్తించడం. ఆ పని అనవసరమని నేను అనను; ఏది ఎక్కడ ఉందో తెలియనివారు అది అక్కడే ఎందుకు ఉందో ఆలోచించలేరు. కానీ దానికే పటనైపుణ్యమని పేరుపెట్టి ఊరుకోవడం వల్ల, ఒక్క పటాన్నీ స్వయంగా తయారుచేయని విద్యార్థి పట్టా పుచ్చుకుని, ఉపాధ్యాయ శిక్షణలో చేరి, రేపు తన తరగతిలోనూ అదే పని చేయిస్తున్నాడు. చాలా ఏళ్లు ఛాత్రోపాధ్యాయులకు, అంటే ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నవారికి, భూగోళ బోధన పద్ధతులు చెప్పినవాడిగా, ఈ గొలుసు శిక్షణ దశలోనే తెగాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నేను మొదట చేయించే అభ్యాసానికి టేపు, దిక్సూచి, కాగితం, పెన్సిలు చాలు. యాభై మీటర్ల దూరాన్ని కొలిచి, అందులో తమకు ఎన్ని అడుగులు పడుతున్నాయో మూడు నాలుగుసార్లు నడిచి సగటు తీసుకోమంటాను. తర్వాత విద్యాలయ ఆవరణ చుట్టూ మలుపు మలుపుకూ దిశను, అడుగులను నమోదు చేసుకుంటూ బయలుదేరిన చోటికే తిరిగి వస్తారు. 1:500 స్కేలులో యాభై మీటర్లు కాగితంపై పది సెంటీమీటర్లవుతాయి. ఆ లెక్కన గీసుకుంటూ వస్తే, నడిచిన మనిషి మొదటి చోటికి చేరినా పటంలో చివరి గీత మాత్రం మొదటి బిందువును చేరదు. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. ఇనుప గేటు పక్కన దిక్సూచి ముల్లు పక్కకు జరిగిందని ఒకరు గుర్తిస్తారు. వాలుపై నడిచిన దూరం సమతలంపై దూరం కన్నా ఎక్కువని మరొకరికి తడుతుంది. తర్వాత ఆ తేడాను పటంలోని భుజాల పొడవును బట్టి అన్నింటికీ పంచి, చివరి గీత మొదటి బిందువును కలిసేలా పటాన్ని మూయడం నేర్పుతాను. పొరపాటును చెరిపివేయకుండా కొలిచి, కారణం వెతికి, సరిదిద్దే ఈ అలవాటు పాఠ్యపుస్తకం చదివితే వచ్చేది కాదు.

ఆ తర్వాతి నైపుణ్యం ఏది చూపాలో, ఏది వదలాలో తేల్చుకోవడం. 1854లో లండన్‌లో కలరా ప్రబలినప్పుడు వైద్యుడు జాన్ స్నో మరణాలు సంభవించిన ఇళ్లను, నీటి పంపులను ఒకే పటంపై గుర్తించగా, మరణాలు బ్రాడ్ వీధి పంపు చుట్టూ గుమిగూడినట్లు కనబడింది. ఆ పంపుల గుర్తులు లేకుంటే అదే పటం మరణాల జాబితాగా మిగిలేది. విద్యార్థులు పటం గీసే ముందు, అది ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో ఒక వాక్యంలో రాయించడం నాకు బాగా ఉపకరించింది.

ప్రక్షేపాల, అంటే గుండ్రని భూమిని చదునైన కాగితంపైకి తెచ్చే పద్ధతుల, పాఠానికీ చేతిపని కావాలి. గుండ్రని ఉపరితలాన్ని చదును చేస్తే ఆకారమో వైశాల్యమో దూరమో చెదరక తప్పదని బంతిపై గీసి చూపవచ్చు. 1569లో మెర్కేటర్ నావికుల కోసం రూపొందించిన ప్రక్షేపంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికాకు దీటుగా కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు పెద్దది.

కంప్యూటరు వచ్చాక చేతితో గీయడం ఎందుకని కొందరు సహోపాధ్యాయులు నన్ను అడిగారు. పటాలు తయారుచేసే క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను నేర్పాలనే నేనూ కోరుతున్నాను. అయితే జనసాంద్రత గణాంకాలను అది క్షణాల్లో రంగుల పటంగా మార్చినప్పుడు, ఎంత నుంచి ఎంత వరకు ఏ రంగు వేయాలో చెప్పే హద్దులను కాస్త జరిపితే అవే అంకెలు పూర్తిగా వేరే చిత్రాన్ని చూపుతాయి. ఒకే గణాంకాలతో రెండు పటాలు చేయించి, వాటిలో ఏది న్యాయమైనదో వాదించమంటే ఛాత్రోపాధ్యాయులు గంటసేపు కదలరు. స్కేలును, సంకేతాలను చేతితో ఎంచుకుని చూసినవారే ఆ వాదనలో ముందుంటారని నా అనుభవం.

ఉపాధ్యాయ శిక్షణ పాఠ్యప్రణాళికను రూపొందించేవారికి నా విన్నపం ఇది. ప్రతి భూగోళ ఛాత్రోపాధ్యాయుడూ తాను నడిచి కొలిచిన ఒక పటాన్ని, కొలతలు నమోదు చేసిన క్షేత్ర పుస్తకంతో సహా, తుది మూల్యాంకనంలో సమర్పించేలా చేయండి. గీతల అందానికి కొన్ని మార్కులే ఉంచి, పటం ఎందుకు మూసుకోలేదో వివరించినందుకు ఎక్కువ ఇవ్వండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత భూగోళ అధ్యాపకుడు