మంత్రి గారూ, ఆ జాబితాను కుదించి పంపమని చెప్పండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మన్యంలో ఒక చిన్న ఊళ్లో సేవా కేంద్రం నడుపుతున్నాను. పోర్టల్ నుంచి మాకొచ్చే లబ్ధిదారుల జాబితా ఫైలు గురించి ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదానికి "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. మూడోదానికి అదీ లేదు. అందుకే ఇలా నలుగురూ చూసేలా రాస్తున్నాను.

పొద్దున్నే లబ్ధిదారుల జాబితా దిగితేనే మాకు పని మొదలవుతుందని మీకు తెలుసు. మా ఊరికి ఉన్నది అంతంతమాత్రం సిగ్నల్. ముప్పావు వంతు దిగాక లైన్ తెగితే మళ్లీ మొదటికి వస్తుంది. మొన్న సోమవారం నాలుగుసార్లు తెగింది. ఒక ముసలావిడ కూలి మానుకొని తొమ్మిదింటికే వచ్చి అరుగు మీద కూర్చుంది. రెండయినా జాబితా దిగలేదు. "రేపు రానా బాబూ?" అంది. రేపటి కూలి కూడా పోతుంది కదా, ఏం చెప్పను?

ఇంజనీరింగ్ చదువుతున్న మా తమ్ముడి కొడుకు ఆ ఫైలు తెరిచి చూపించాడు. అంతా ఎక్స్‌ఎంఎల్, అంటే ప్రతి వివరానికీ ముందూ వెనకా దాని పేరును ట్యాగుగా రాసే పద్ధతి. 'బెనిఫిషియరీ ఫాదర్ నేమ్' అని ఒక ట్యాగు, తర్వాత మూడక్షరాల పేరు, మళ్లీ అదే మాటతో మూసే ట్యాగు. మనిషికి ఇరవై వివరాల చొప్పున 600 మందికి 24,000 ట్యాగులు. అన్నీ ఆ ఇరవై మాటలే! వాడు అదే ఫైలును జీజిప్ అనే కుదించే ప్రోగ్రామ్‌తో కుదిస్తే పదో వంతుకు తగ్గింది. విప్పితే ఒక్క అక్షరం పోలేదు. వచ్చిన మాటే మళ్లీ వస్తే "వెనక ఫలానా చోట ఉంది" అని ఒక చిన్న గుర్తు రాసి సరిపెడుతుందట.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1998లో ఎక్స్‌ఎంఎల్ ప్రమాణం వచ్చేనాటికే జీజిప్ ఉంది. ఎక్స్‌ఎంఎల్‌ను ఇంకా బిగించి పంపడానికి 2011లో వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ ఈఎక్స్‌ఐ అనే ప్రమాణం కూడా ఇచ్చింది. అంత దూరం వెళ్లమని అడగడం లేదు సార్.

హెల్ప్‌లైన్‌లో "కంప్రెషన్ ఆన్‌లోనే ఉంది" అన్నారు. ఉండొచ్చు. కానీ ఎన్‌జిన్‌ఎక్స్ (nginx) లాంటి సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో కంప్రెషన్ ఆన్ చేసి వదిలేస్తే హెచ్‌టీఎంఎల్ పేజీలే, అంటే మామూలు వెబ్ పేజీలే, కుదుస్తుంది. ఎక్స్‌ఎంఎల్‌ను విడిగా చేర్చాలి. మావాడు హెడర్లు, అంటే ఫైలుతో పాటు సర్వర్ పంపే వివరాలు, చూశాడు. పోర్టల్ మొదటి పేజీకి 'కంటెంట్ ఎన్‌కోడింగ్ జీజిప్' అని ఉంది, జాబితాకు లేదు. ఆ స్క్రీన్‌షాట్ మూడో అర్జీకి జతచేశాను. ఎవరైనా తెరిచి చూశారా?

ఫైబర్ వస్తుందని రెండేళ్లుగా వింటున్నాం. అది వచ్చేదాకా రీఛార్జులు నా జేబులోంచే, తిట్లు నాకే. రోజూ తెల్లవారితే ఇదే టెన్షన్. దయచేసి సర్వర్ చూసేవాళ్లను పిలిచి ఒక్క మాట అడగండి. జాబితాను కుదించి పంపమనండి. ముసలావిడ బుధవారం మళ్లీ వస్తానంది.

ఇట్లు,
ఒక సేవా కేంద్రం నిర్వాహకుడు