రాత్రిపూట వెళ్లి చూడాలి

సంపాదకులు గారికి,

కొంపల్లి నుంచి వనస్థలిపురం దాకా వృద్ధుల సంరక్షణ కేంద్రాల బోర్డులు పెరిగిపోతున్నాయి. విదేశాల్లో ఉన్న పిల్లలు ఫొటోల్లో తోట, ఏసీ గది చూసి అడ్వాన్సు పంపేస్తున్నారు. తోటలో నడవగలిగిన మనిషైతే అక్కడికెందుకు వెళ్తారు?

మంచాన పడ్డవాళ్లను సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. రాత్రి రెండింటికి ఆ పని ఎవరు చేస్తారో మేనేజరును అడగండి. పగలు నలుగురు ఆయాలు తిరిగే చోట రాత్రికి ఒక్కరే మిగలొచ్చు. అందుకే ముందుగా చెప్పకుండా రాత్రి భోజనాల వేళ వెళ్లాలి. గదిలో మూత్రం వాసన వస్తోందా, ముద్ద మింగేదాకా ఆగి తినిపిస్తున్నారా, బెల్ కొడితే ఎవరైనా వస్తున్నారా చూడాలి. స్ట్రెచర్ పట్టే లిఫ్టు ఉందో లేదో కూడా.

మా అత్తగారిని చేర్చిన చోట డైపర్లు, ఫిజియోథెరపీ ఖర్చు నెల తిరిగాక విడిగా బిల్లులో వేశారు. ఇలాంటివన్నీ ఒప్పందంలో, తెలుగులో రాయించుకోవాలి. డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారన్నది కూడా.

2007 నాటి తల్లిదండ్రుల సంక్షేమ చట్టం పేద వృద్ధుల కోసం ప్రభుత్వ ఆశ్రమాల గురించి చెబుతుంది. డబ్బు కట్టి చేరేవారి మాటేమిటి? ప్రతి ప్రైవేటు కేంద్రమూ రాత్రి సిబ్బంది సంఖ్యను, ధరలను గేటు దగ్గరే రాసిపెట్టేలా ప్రభుత్వం ఆదేశించాలి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే పలుకుతుంది. దాన్ని రాత్రంతా నడపాలి.

– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్