రంగయ్య పేరు కత్తిరించకండి: పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తమిళనాడు పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. చెన్నైలో ఉంటూ తెలుగులో చదువుకునేవాళ్లం కాబట్టి ఈ లేఖ తెలుగులో రాస్తున్నాం. తమిళ ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాం. పాఠ్యపుస్తకాల సంస్థా, ప్రజా గ్రంథాలయాలూ రెండూ మీ శాఖ కిందే ఉన్నాయి, అందుకే అడిగేది మిమ్మల్ని. మద్రాసులోనే అచ్చయిన ఒక పాత మొక్కల బొమ్మల పుస్తకం నుంచి, బడిపిల్లలు జేబులో పెట్టుకుని తిరిగే అడవిపూల పుస్తకం ఒకటి తీయించండి.

ఆ పాత పుస్తకం రాబర్ట్ వైట్ తెచ్చిన 'ఐకోనెస్ ప్లాంటారం ఇండియే ఓరియెంటాలిస్'. ఆయన 1819లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా ఇక్కడికి వచ్చాడు. 1838 నుంచి 1853 దాకా ఆరు సంపుటాలు, మొత్తం 2101 ప్లేట్లు (పేజీ నిండా అచ్చయిన బొమ్మలు), అన్నీ రాతి అచ్చు, అంటే రాయి మీది బొమ్మని కాగితానికి దించినవి. బొమ్మలు ముందు రంగయ్య గీశాడు, తర్వాత గోవిందు. రంగయ్య పేరు మీద జర్మన్ శాస్త్రవేత్త నీస్ 1832లో రుంగియా అనే మొక్కల ప్రజాతిని పెట్టాడు. గోవిందు పేరు మీద వైట్ స్వయంగా 1853లో ఒక ఆర్కిడ్‌కి గోవిందూయియా అని పెట్టాడు, కానీ తర్వాతివాళ్లు దాన్ని ట్రోపిడియా అనే మరో ప్రజాతిలో కలిపేశారు. రుంగియా పేరు మాత్రం మన ఫ్లోరాల్లో, అంటే ప్రాంతాలవారీ మొక్కల గ్రంథాల్లో, ఇంకా కనిపిస్తుంది. వృక్షశాస్త్రవేత్త హెన్రీ నోల్టీ 2007లో ఈ ఇద్దరి బొమ్మల మీద మూడు భాగాల గ్రంథం తెచ్చాడు. మూలచిత్రాలు ఎన్నో ఎడిన్‌బరో రాయల్ బొటానిక్ గార్డెన్‌లో ఉన్నాయి. పుస్తకం అచ్చయిన ఊళ్లో మాత్రం వీళ్ల పేర్లు తెలిసిన బడిపిల్లవాడు కనపడడు.

హక్కుల గొడవ లేదు, అచ్చయి నూట డెబ్భై ఏళ్లు దాటింది. గొడవంతా పనిలోనే ఉంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే స్కాన్లు చదువుకోవడానికి సరిపోతాయి గానీ అచ్చుకు చాలవు. గ్రంథాలయాల్లో మంచి ప్రతి ఎక్కడుందో ముందు వెతికించి, కొత్తగా స్కాన్ చేయించాలి. పుస్తకాన్ని ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద బోర్లించి నొక్కితే ఆ పాత కాగితానికి వెన్ను దగ్గరే చీలిక వస్తుంది. నూరు, నూట పది డిగ్రీల కంటే ఎక్కువ తెరుచుకోని 'వి' ఆకారపు ఊయల మీద పెట్టి పైనుంచి కెమెరాతో తీయాలి. ఏసీ గదిలోంచి తెచ్చిన వెంటనే తీయకూడదు. చెన్నై తేమకి కాగితం అలలు తిరుగుతుంది, గీతలు వంకర పోతాయి. స్కాన్ చేసే గదిలోనే ఒకరోజు ఉంచాలి. చిరిగినచోట సెల్లోటేపు అంటించే ఉద్యోగి ఎవరైనా ఉంటే, దయచేసి ఆయన్ని వేరే పనికి పంపండి.

బొమ్మ నలుపు తెలుపే కదా అని నలుపు తెలుపు మోడ్‌లో స్కాన్ చేయడమే అందరూ చేసే తప్పు. రాతి అచ్చులో ఆకు మీది నూగుని సన్నని చుక్కలతో, వెంట్రుకంత గీతలతో చూపిస్తారు. ఆ మోడ్‌లో అవి ముందుగా మాయమవుతాయి. తుత్తురుబెండ ఆకు మీది మఖమల్ నూగు పోతే మిగిలేది ఏ బెండజాతిదైనా కావచ్చు. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), 24 బిట్ రంగు, టిఫ్ ఫైలు, పక్కన రంగుల పట్టీ: ఇది కనీసం. రంగులో తీస్తే ఇంకో లాభం ఉంది. కాగితం మీది గోధుమరంగు మచ్చలు ఎరుపు చానెల్‌లో (స్కాన్‌లోని ఎరుపు పొరలో) దాదాపు కనపడకుండా పోతాయి, సిరా నల్లగా నిలుస్తుంది. మచ్చలు చెరపడానికి బ్రష్ పట్టుకోనక్కర్లేదు. రంగులు వేయని ప్లేట్లకి కంప్యూటర్‌తో రంగులు పూయించే ఆలోచన మాత్రం ఎవరూ చేయకూడదు. పూల రంగు తప్పితే పుస్తకమే తప్పు.

అసలు ప్లేటు పెద్దది. దాన్ని జేబు సైజుకి కుదిస్తే సన్నగీతలు విరిగిపోతాయి. అరవై శాతం కంటే తక్కువకి కుదించవద్దు. అంతకీ పట్టకపోతే కొమ్మ బొమ్మ కొంత తీసేసినా, అడుగున అంకెలు వేసి ఉన్న విడిభాగాలు ఉంచాలి. గుర్తుపట్టేది వాటితోనే. ఉదాహరణకి గలిజేరు. ఈ ఒక్క పేరు రెండు మొక్కలకి నడుస్తోంది, రెండింటినీ కూరాకుగా కోసేవాళ్లున్నారు. ఒకదాన్ని తమిళంలో సారణై అంటారు. దాని పువ్వు ఆకు మొదట్లోని పొరలో దాక్కుని ఉంటుంది, కాయ మూతలా ఊడుతుంది, లోపల నల్ల గింజలు. రెండోది మూక్కిరట్టై, మన అటికమామిడి. దాని పూలు సన్నని కాడల మీద చిన్న గుత్తులు, కాయకి ఐదు గట్లు, జిగురు, పంచెకి అంటుకుంటుంది. కొమ్మ చూసి పొరపడేవాడు కాయ చూస్తే పొరపడడు.

పాత పుస్తకంలో విడిభాగాలు 'పెద్దవి చేసి చూపినవి' అంటారే తప్ప ఎంత పెద్దవో చెప్పరు. పిల్లలకి కొలత కావాలి. తాజా మొక్కల్ని కొలిచి మిల్లీమీటర్లలో పక్కన వేయించాలి. సందేహం వచ్చినచోట కోయంబత్తూరులోని మద్రాస్ హెర్బేరియంలో ఎండు నమూనాలతో సరిచూడాలి. తీగల విషయంలో ఒక పరీక్ష తప్పనిసరి. రాయి మీద నేరుగా గీసిన బొమ్మ అచ్చులో కుడి ఎడమలుగా తిరగబడుతుంది. శంఖుపుష్పం గానీ మెరీనా వైపు ఇసుకలో పాకే అడంబు బంధువులు గానీ ఎటు చుట్టుకుంటాయో బయట చూసి, ప్లేటుతో పోల్చాలి.

లాటిన్ పేర్లు చాలా మారాయి. తంగేడు పాత పుస్తకాల్లో కాసియా, ఇప్పుడు సెన్నా. కొత్త పేరు పెద్ద అక్షరాల్లో, ప్లేటు మీది పేరు చిన్నగా, తమిళ, తెలుగు పేర్లు పక్కపక్కన ఉండాలి. 1950ల తర్వాత మనదేశమంతా పాకిన వయ్యారిభామ ఆ సంపుటాల్లో ఎలా ఉంటుంది? అలాంటివాటికి కొత్త బొమ్మలు ఈనాటి చిత్రకారులతో, అదే పద్ధతిలో గీయించాలి. చెన్నైలోని గిండీ, నన్మంగళం, పళ్లికరణైలలో, పాఠశాలల గోడవార దొరికే నూట యాభై మొక్కలు మొదటి పుస్తకానికి చాలు. కాగితం 90 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 90 గ్రాములు) మాప్‌లిథో, దారంతో కుట్టిన బైండింగు. వేడి జిగురు అట్ట మన మే నెలని దాటదు.

ఇక అసలు కోరిక. చాలా ప్లేట్ల అడుగున సన్నగా ఒక లైను ఉంటుంది: 'రంగయ్య డెల్.', అంటే గీసింది రంగయ్య అని. పేజీ అమర్చేవాళ్లు మార్జిన్ కోసం మొదట కోసేసేది ఆ అర సెంటీమీటరునే. టెండరు షరతుల్లోనే రాయించండి, ఆ లైను కోస్తే అచ్చయిన ఫారం వెనక్కి పంపుతామని. అట్ట మీద వైట్ పేరు ఎంత ఉంటే రంగయ్య, గోవిందుల పేర్లూ అంతే ఉండాలి.

ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక డిసెంబరు, జనవరి నెలల్లో ఈ మొక్కలు బాగా పూస్తాయి. ప్రూఫులు అప్పటికి పిల్లల చేతిలో పెట్టి, బయట నేల మీద పరీక్షించాలి. అంటే స్కానింగు సెప్టెంబరుకి ముగియాలి, ఉత్తర్వు జూన్‌లో రావాలి. అది జరగకపోతే మళ్లీ పూలకోసం ఏడాది ఆగాలి.

ఇట్లు,
చెన్నైలోని కొందరు తెలుగు వృక్షశాస్త్ర పాఠకులు