బాస్కెట్‌బాల్ విభాగం వార్షిక నివేదిక: 2024–25 సీజన్

గౌరవ సభ్యులందరికీ నమస్కారం. గత సెప్టెంబర్ నుంచి ఈ మే వరకు మన విభాగం చేసిన పనిని నిబంధనల ప్రకారం సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాను.

పురుషుల జట్టు ఇక్కడ స్కాట్లాండ్‌లో ప్రాంతీయ లీగ్‌లోనూ కప్‌లోనూ ఆడింది. లీగ్ పట్టికలో కింది సగంలోనే ఉన్నాం. పెదవి విరిచేవాళ్లకు ఒక మాట. ఈ ఆటలో గెలిస్తే 2 పాయింట్లు, ఓడినా 1 పాయింటు వస్తాయి. జట్టు రాకపోతే మాత్రం 20–0తో ఓడినట్టు రాసి సున్నా పెడతారు. సీజన్ మొత్తంలో మనకు ఒక్క సున్నా పడలేదు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా హాలుకొచ్చిన కుర్రాళ్లున్నారు, వాళ్లకు తెలుసు ఆ మాట విలువ. జనవరి 24న ఎయోవిన్ తుపానుకు రెడ్ వార్నింగ్ ఇచ్చారు కదా, ఆ వారాంతం మ్యాచ్ వాయిదా పడి మార్చిలో నెత్తిన పడింది. అదీ ఆడాం.

ఇక అందరూ అడిగే కప్ తొలి రౌండ్. మనకన్నా పై డివిజన్ జట్టు, మన హాల్లో. మనవాళ్లు వచ్చింది ఆరుగురే. నాలుగో క్వార్టర్లో ఒకరు ఐదో ఫౌల్‌తో బయటికెళ్లారు. స్కోరు సమం, ఐదు నిమిషాల ఓవర్‌టైమ్. అందులో మరొకరు ఫౌల్ అవుట్. నలుగురే మిగిలేసరికి ఆట అయిపోయిందనుకుని కొందరు కోట్లు కూడా వేసుకున్నారు. రూలు ప్రకారం మొదలుపెట్టడానికే ఐదుగురు కావాలి, తర్వాత ఇద్దరున్నా ఆట సాగుతుంది. నాలుగో క్వార్టర్ టీమ్ ఫౌళ్లు (జట్టంతా కలిపి చేసినవి) ఓవర్‌టైమ్‌లోనూ లెక్కకొస్తాయి. అవతలి జట్టు ఫౌళ్ల పరిమితి అప్పటికే నిండిపోయింది కాబట్టి మనల్ని ఆపబోయి చేసిన ప్రతి ఫౌల్‌కూ మనకు రెండు ఫ్రీ త్రోలు. చివరి ఫ్రీ త్రో రింగు మీద రెండుసార్లు ఎగిరి లోపల పడింది. ఒక్క పాయింటుతో గెలిచాం. ఆ స్కోర్‌షీట్‌కి ఫ్రేమ్ కట్టించాం, ఖర్చు అధ్యక్షులు గారిది. రెండో రౌండ్‌లో ఓడిపోయాం, చిత్తుగా.

శనివారం పిల్లల శిక్షణ సాగింది. వాళ్లను ఈస్ట్ కిల్‌బ్రైడ్‌కి కాలెడోనియా గ్లాడియేటర్స్ అనే ప్రొఫెషనల్ జట్టు మ్యాచ్‌కి తీసుకెళ్లాం (పాతవాళ్లకు గ్లాస్గో రాక్స్ అంటే తెలుస్తుంది). పైస్లీలో పుట్టి, 2002లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలోని మెంఫిస్ గ్రిజ్లీస్‌ జట్టుకి ఎంపికైన రాబర్ట్ ఆర్చిబాల్డ్ గురించి కోచ్ గారు బస్సులో చెబితే, స్కాట్లాండ్ నుంచి ఎన్‌బీఏకి వెళ్లొచ్చా అని పిల్లలు నోరెళ్లబెట్టారు.

చెప్పక తప్పని సంగతి ఒకటుంది. సొంత హాల్లో ఆడినప్పుడు స్కోర్‌షీట్, గడియారం, షాట్ క్లాక్ (బంతి దొరికాక షాట్ వేయడానికి ఉన్న సెకన్లు లెక్కపెట్టేది) దగ్గర కూర్చోవాల్సింది మనవాళ్లే. వాట్సాప్‌లో "ఐయామ్ ఇన్" అన్నవాళ్లు ఎందరో, టేబుల్ దగ్గర కనిపించింది ఇద్దరే. రాజుగారి చెరువులో పాలు పోసినట్టుంది మన వరస. ఒక మ్యాచ్‌లో మా ఆవిడే షాట్ క్లాక్ నొక్కింది, 24 సెకన్లు ఎప్పుడో 14 ఎప్పుడో అక్కడికక్కడే నేర్చుకుని. హాలు బుకింగ్ ఆఫీసు సంగతి సరేసరి. ఒకే సాయంత్రానికి మనకూ బ్యాడ్మింటన్ వాళ్లకూ హాలిచ్చి, మెయిల్‌కి మూడు వారాల తర్వాత "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్నారు.

జీతం లేకుండా పనిచేసిన కోచ్ గారికి, వ్యాను నడిపిన అన్నలకు, పులిహోర డబ్బాలు మోసుకొచ్చిన అక్కలకు, వదినలకు, ఆలస్యమైనా విసుక్కోకుండా తాళం తీసిన జానిటర్ గారికి, మనల్ని భరించిన రిఫరీలకు కృతజ్ఞతలు. పేరుపేరునా రాస్తే పేజీలు చాలవు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. హాలు అద్దె పెరిగింది, చందాలు పెరగలేదు. మిగతాది పట్టికలో చూసుకోండి.

ఏప్రిల్ 1, 2025 నుంచి స్కాట్లాండ్‌లో పిల్లలకు శిక్షణ ఇచ్చేవాళ్లకు పీవీజీ (పిల్లలతో పనిచేసేవాళ్ల నేపథ్యం తనిఖీ చేసే పథకం) సభ్యత్వం చట్టప్రకారం తప్పనిసరి. శనివారాలు సాయపడాలనుకునేవాళ్లు ఆ ఫారం ఇప్పుడే నింపండి. టేబుల్ డ్యూటీ జాబితా ఈరోజు టీ బల్ల పక్కనే పెడుతున్నాం. పేరుతో పాటు తేదీ కూడా రాయండి.

ఇట్లు,
కార్యదర్శి, బాస్కెట్‌బాల్ విభాగం