ఆటల విభాగం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

టోక్యో పరిసరాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాల మన సంఘంలో ఆటల విభాగం 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు చేసిన పనిని ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాం. ఏటా కొత్త గేములు కొని, నాలుగు రోజులు ఆడి పక్కన పడేస్తున్నామన్న విమర్శ గత సర్వసభ్య సమావేశంలో వచ్చింది. అది న్యాయమైన విమర్శ. అందుకే ఈ ఏడాది కొనుగోళ్లను దాదాపు ఆపేసి, సంగీతంతో నడిచే ఆర్కేడ్ తరహా (గేమ్ సెంటర్లలో డబ్బులు వేసి ఆడే యంత్రాల మాదిరి) గేములను మాత్రమే తీసుకుని, తెలిసిన పాటనే తిరగేసి పెట్టే రీమిక్స్ పద్ధతులు మనచేత ఎన్నాళ్లు ఆడించగలవో పరిశీలించాం.

నెలవారీ కలయికలు ఎక్కువగా గేమ్ సెంటర్లలో, ‘తైకో నో తత్సుజిన్’ యంత్రం చుట్టూ జరిగాయి. నామ్కో 2001లో ఆర్కేడ్లకు తెచ్చిన ఈ గేములో ఎర్ర గుర్తు వస్తే డోలు ముఖం మీద, నీలి గుర్తు వస్తే అంచు మీద కర్రతో కొట్టాలి. మొదటిదాన్ని ‘డోన్’ అని, రెండోదాన్ని ‘కా’ అని నోటితో చెప్పుకుంటూ సాధన చేయడం, మృదంగం నేర్చుకుంటున్న మన పిల్లలకు జతులు చెప్పుకున్నంత సహజంగా అబ్బింది. పాట కంఠతా వచ్చేసి ఉత్సాహం తగ్గుతున్న దశలో ఇందులోని ఆప్షన్లు అక్కరకు వచ్చాయి. ‘అబెకొబె’ ఎరుపును నీలంగా, నీలాన్ని ఎరుపుగా మారుస్తుంది. ‘కిమగురె’ కొన్ని రంగులను, ‘దెతరమె’ చాలా రంగులను ఇష్టం వచ్చినట్టు చెదరగొడుతుంది. ‘దోరోన్’ గుర్తులనే మాయం చేస్తుంది. అయితే దెబ్బ పడవలసిన క్షణాన్ని వీటిలో ఏదీ కదపదు. అందువల్ల లయ ఒంటబట్టినవారికి పాత పాటే కొత్త పరీక్షగా నిలబడింది. పాట ఇంకా రానివారికి మాత్రం అది వట్టి గందరగోళంగానే మిగిలింది. ఈ ఆప్షన్లను కొత్తవారికి తొందరపడి చూపించకూడదన్నది కార్యవర్గం అభిప్రాయం.

కొత్త పరీక్షకూ, వట్టి గందరగోళానికీ మధ్య ఉన్న ఈ తేడా కొనామి వారి ‘బీట్‌మేనియా టూడీఎక్స్’లో మరింత స్పష్టంగా కనిపించింది. 1999 నుంచి వస్తున్న ఈ గేములో ఏడు మీటలు, ఒక టర్న్‌టేబుల్ (చేత్తో తిప్పే పళ్లెం) ఉంటాయి; తెర మీద పడే ఒక్కో నోటుకు (గుర్తుకు) దాని మీటను నొక్కాలి. ‘ర్యాండమ్’ పెట్టుకుంటే ఏడు మీటల వరుస పాట మొదట్లో ఒకసారి మాత్రమే తారుమారై, చివరిదాకా అలాగే ఉంటుంది. అసలు వరుసను కూడా కలుపుకుంటే ఇలా 5,040 అమరికలు సాధ్యం. ఏది వచ్చినా పల్లవి రెండోసారి వచ్చినప్పుడు చేతికి అదే నడక మళ్లీ తగులుతుంది. ‘ఎస్-ర్యాండమ్’లో ఏ నోటుకు ఆ నోటు విడివిడిగా చెదిరిపోతుంది కాబట్టి ఆ నడక మిగలదు. లెక్కకు రెండోదే ఎక్కువ వైవిధ్యం ఇస్తుంది. మన సభ్యులు పదేపదే కోరుకున్నది మొదటిదాన్నే.

ఈ ఏడాది అతి పెద్ద చర్చ నింటెండో 2006లో తన చేతిలో పట్టుకుని ఆడే యంత్రం గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కు తెచ్చిన ‘రిథమ్ తెంగోకు’ మీద సాగింది. సంగీత నిర్మాత త్సుంకు భాగస్వామ్యంతో తయారైన ఈ గేముకు 2007లో సెగా ద్వారా ఆర్కేడ్ రూపం కూడా వచ్చింది. ఇందులోని చిన్న చిన్న ఆటలు ఒక్కొక్కటి ఒక్కో స్పందనను చేతికి నేర్పుతాయి. కొన్ని ఆటలు పూర్తికాగానే వచ్చే రీమిక్స్‌లో వాటన్నిటినీ ఒకే పాట కింద కుట్టేసి, కొన్ని గతుల తర్వాత తెరను చెప్పాపెట్టకుండా మార్చేస్తారు. బొమ్మ మారిన ప్రతిసారీ కన్ను తడబడుతుంది, చెవిని నమ్ముకున్నవారే గట్టెక్కుతారు. పైగా రీమిక్స్ బాగా రావాలంటే దాని వెనకున్న విడి ఆటలకు తిరిగి వెళ్లక తప్పదు గనుక, ఒక్క రీమిక్స్ నాలుగైదు పాత ఆటలను కూడా బతికిస్తుంది. ఈ గుణం పైన చెప్పిన రెండు గేముల్లో లేదు. పతకం వచ్చిన ఆటకు అప్పుడప్పుడు ‘పర్ఫెక్ట్’ అవకాశం మూడు ప్రయత్నాల గడువుతో వస్తుంది, అంటే మూడు ప్రయత్నాల తర్వాత అది పోతుంది. ఒక్క తప్పు కూడా లేకుండా ఆడాలి. మళ్లీ ఆడాలన్న తపన రీమిక్స్ వల్ల కాదు, ఈ గడువు వల్లే పుడుతోందని కొందరు సభ్యులు వాదించారు. వాదనలో కొంత బలం ఉంది. కానీ గడువు లేని రోజుల్లో కూడా కలయికల్లో మనవాళ్లు అడిగి ఆడినవి రీమిక్స్‌లే.

ఆటగాడే పాటను కూర్చుకునే రీమిక్స్‌ల సంగతికి వస్తే, హార్మొనిక్స్ సంస్థ 2001లో ‘ఫ్రీక్వెన్సీ’తో మొదలుపెట్టిన ఆ దారిని 2020 నాటి ‘ఫ్యూజర్’ దాకా ఒక సాయంత్రం చర్చించాం. ‘ఫ్యూజర్’ అమ్మకాలు, ఆన్‌లైన్ సేవలు 2022 డిసెంబరులో ఆగిపోయాయి. ఎంతసేపైనా ఆడించగల గేమైనా, కూర్చిన పాటలను పంచుకోవడం సంస్థ సర్వర్ల మీద ఆధారపడితే దాని ఆయువు మన చేతిలో ఉండదు.

ఆదాయ వ్యయాల పట్టికను విడిగా జతచేశాం. గేమ్ సెంటర్ ఖర్చును సభ్యులే ఎవరికి వారు భరించారు. ‘రిథమ్ తెంగోకు’ కొత్త భాగం తమ స్విచ్ గేమ్ యంత్రం కోసం వస్తుందని నింటెండో 2025 మార్చిలో ప్రకటించింది గనుక, వచ్చే ఏడాది కొనుగోలు నిధిని దానికోసం అట్టేపెట్టాలని, అంతవరకు పాత కార్ట్రిడ్జ్‌లను సభ్యులకు వంతులవారీగా ఇవ్వాలని కార్యవర్గం తీర్మానాన్ని ప్రతిపాదిస్తోంది. దీనిపై సర్వసభ్య సమావేశంలో ఓటింగు ఉంటుంది.

— కార్యదర్శి, ఆటల విభాగం